కిటికీల మీద పుస్తకం రాయబోతున్న మనవరాలికి

చిరంజీవి శారదకు పెద్ద తాతయ్య ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి, కావ్యాల్లోనూ సినిమాల్లోనూ మన పల్లెల్లోనూ ఉన్న కిటికీల మీద పుస్తకం రాయబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. "కిటికీల మీద రాయడానికి ఏముంటుంది పెదనాన్నా, మీరైనా చెప్పండి దానికి" అని ఆమె వాపోతుంటే, లోపలి గర్వం గొంతులో బయటపడకుండా జాగ్రత్తపడి, "పిచ్చిపిల్ల, నేను రాస్తాలే" అన్నాను. తీరా రాత్రి నిద్ర పట్టలేదు. నువ్వు చేయబోయే పనిని యాభై ఏళ్ళ కిందట నేనొకసారి చేసి చెడగొట్టాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఇంటివాళ్ళను అడగకుండా ఫోటో తీయవద్దు. టేపు దగ్గర పెట్టుకో. నిచ్చెన మాత్రం ఎక్కవద్దు. గవాక్షమంటే ఆవుకన్ననీ, వాతాయనమంటే గాలి వచ్చే దారనీ, ఇంగ్లీషువాళ్ళ విండో కూడా పాత స్కాండినేవియా భాషలోని 'గాలికన్ను' నుంచే పుట్టిందనీ అందరూ మొదటి పేజీలోనే రాస్తారు కనుక నువ్వు పదో పేజీలో రాయి. మన ఊళ్ళో సింగిల్ విండో అంటే రైతుకు అప్పులూ ఎరువులూ ఇచ్చే సహకార సంఘమని కూడా రాయి. పత్రికలవాళ్ళు ఏకగవాక్షమని ఎంత ముచ్చటగా రాసినా, ఏ రైతు నోటా ఆ మాట నేను వినలేదు.

కావ్యాల దగ్గర మాత్రం తొందరపడకు. అశ్వఘోషుడి బుద్ధచరితం మూడో సర్గలో సిద్ధార్థుడు వీధిలోకి వస్తున్నాడని తెలిసి స్త్రీలు కిటికీల దగ్గర గుమిగూడతారు. కుండలాలు ఒకరివొకరికి రాసుకుంటున్న ఆ ముఖాలు మేడలకు అంటించిన తామరల్లా ఉన్నాయంటాడు కవి. ఆ ఘట్టాన్నే కాళిదాసు రఘువంశంలో అజుడి కోసం, కుమారసంభవంలో శివుడి కోసం, రెండుచోట్లా ఏడో సర్గలోనే వాడుకున్నాడు; కొన్ని శ్లోకాలు రెండు కావ్యాల్లోనూ ఒకటే. కాలికి లత్తుక పెట్టించుకుంటున్న ఒకామె, ఆరని పాదాన్ని దాసి చేతిలోంచి లాగేసుకుని పరుగెత్తితే, గవాక్షం దాకా నేలంతా ఎర్రటి అడుగులు పడతాయి. మన మెదక్ ప్రాంతపు కొలిచెలమవాడైన మల్లినాథసూరి వ్యాఖ్య పక్కన పెట్టుకుని ఆ శ్లోకాలు చదువు, తనివితీరా చదువు. అయితే ఆ కవులిద్దరూ నిలబడింది వీధిలోనని మరిచిపోకు. ఊరేగింపు సాగిపోయాక ఆ గదిలో ఏం జరిగిందో, ఆ ఎర్ర మరకలను ఎవరు తుడిచారో వాళ్ళు చెప్పలేదు.

నేను చేసిన తప్పు కూడా వీధిలో నిలబడి చేసిందే. 1974లో, కాలేజీలో కొత్తగా పాఠాలు చెబుతున్న రోజుల్లో, ఒక మాసపత్రికకు 'కిటికీ వద్ద స్త్రీ' అని వ్యాసం రాశాను. కాళిదాసుతో మొదలుపెట్టి, నర్సాపురం దగ్గరి మా ఇంట్లో ఉత్తరపు కిటికీ దగ్గర కూర్చునే మా మేనత్తతో ముగించాను. ఆమె చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ కిటికీ పక్కన చేరితే వెలుగు పోయేదాకా లేచేది కాదు. అప్పుడప్పుడూ తలెత్తి ఎక్కడో దూరంగా చూసేది. ఆ చూపు మీద నేను రెండు పేజీలు రాశాను. రాని మనిషి కోసం ఎదురుచూపు, ఊచల వెనక గడిచిపోయిన యౌవనం, ఇంకా ఏవేవో. పత్రిక రాగానే మురిసిపోతూ తీసుకువెళ్ళి, ఆమె ఎదురుగా కూర్చుని పైకి చదివాను. చేతిలోని సూది ఆపకుండానే ఆమె చివరిదాకా విన్నది.

"ఎదురుచూపా? ఎవరి కోసంరా?" అని అడిగింది. నేను నీళ్ళు నమిలాను. "తెల్లదారంతో తెల్లపువ్వు అల్లీ అల్లీ కళ్ళు జివ్వుమంటాయి. అప్పుడు కాసేపు ఆ తాటిచెట్టు కేసి చూస్తే సర్దుకుంటాయి. ఉత్తరపు వెలుగైతే ఎండ కొట్టదు, నీడ కదలదు. అందుకని ఇక్కడ కూర్చుంటాను. నీ బి.ఏ. పరీక్ష ఫీజు ఈ కిటికీలోంచే వచ్చిందిరా, వెర్రినాగన్నా!"

ఆమె లేసు అల్లేదని నాకు తెలియక కాదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను కనుక అది పనిగా నా కంటికి ఆనలేదు. లేసు ఏజెంటు వీధిలో నిలబడి ఊచల మధ్య నుంచి దారపు ఉండలు లోపలికి ఇచ్చేవాడు. అల్లిన పువ్వులను అదే సందులోంచి అందుకుని, కూలి డబ్బులు అక్కడే లెక్కపెట్టేవాడు. చేతిపనికి ఒక రేటు, అతుకుపనికి ఒక రేటు. ఆ పువ్వులు ఏ దేశం వెళ్ళేవో, అక్కడ ఎంతకు అమ్ముడుపోయేవో ఆమెకు చివరిదాకా తెలియలేదు. ఆ కిటికీ ఆమెకు చెర కాదని నేను అనను. నేను రాసిన చెర మాత్రం కాదది. మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు మన నర్సాపురం లేసు పనివారి మీద 1982లో పుస్తకం వేసింది. విదేశీ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్ళను లోకం ఇంటిపట్టున ఊరికే కూర్చునేవాళ్ళుగా ఎలా లెక్కగట్టిందో అందులో చూపించింది. అది చదివిన రాత్రి నా వ్యాసం గుర్తుకొచ్చి తల ఎత్తుకోలేకపోయాను. మా అత్తయ్య మాత్రం ఆ పత్రికను పారేయలేదు. దాని పేజీల మధ్య లేసు నమూనాలు దాచుకుంది.

అందుకని, ఏ కిటికీ కనబడినా అది దేనికి ప్రతీకో తరవాత చూసుకుందువుగాని, ముందు అది ఏ దిక్కున ఉందో, దాని గడియ ఎవరి చేతికి అందుతుందో, అందులోంచి ఏమేమి లోపలికి వచ్చి ఏమేమి బయటికి పోయాయో రాసుకో. ఉడుపి కృష్ణాలయం గోడలోని చిన్న కిటికీ, కనకన కిండి, చూడటానికి ఎలాగూ వెళతావు. కనకదాసు కోసం కృష్ణుడే పడమటికి తిరిగాడని భక్తితో చెబుతారు, వినిపించుకో. అంత గొప్ప భక్తుడు గుమ్మంలోంచి ఎందుకు వెళ్ళలేకపోయాడో కూడా అక్కడే నిలబడి ఆలోచించు.

సినిమాల్లో సత్యజిత్ రాయ్ 'చారులత'ను (1964) నాలుగుసార్లయినా చూడు. మొదట్లోనే చారు చేతి దుర్భిణితో ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి పరుగెత్తి, చెక్క పట్టీలు ఎత్తి, వీధిలో పోయేవాళ్ళను చూస్తుంది. కాసేపటికి భర్త పుస్తకంలో తలదూర్చి ఆమె పక్క నుంచే వెళ్ళిపోతాడు, ఆమెను గమనించడు. ఆమె అదే దుర్భిణి ఎత్తి అతణ్ణి చూస్తుంది. కాళిదాసు వీధిలో నిలబడితే రాయ్ గదిలోకి వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాడు. మా అత్తయ్య వెనక నేను ఏనాడూ అలా నిలబడలేదు.

హిచ్‌కాక్ 'రియర్ విండో' (1954) పేరు ఎత్తానని భయపెడుతున్నాననుకోకు, భయపెడుతున్నాను. కాలు విరిగి కుర్చీలో కూర్చున్న ఫోటోగ్రాఫరు ఎదుటి ఇళ్ళలోకి తొంగిచూస్తూ ఉండగా, ఒకానొక క్షణాన ఎదుటి మనిషి నేరుగా ఇతని వైపు తిరిగి చూస్తాడు. నీ చేతిలో కెమెరా ఉంటుంది, నువ్వు ఒంటరిగా తిరుగుతావు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఎవరి కిటికీ ముందూ నిలబడకు. చెప్పిన మాట విను తల్లీ.

టాగూరు 'డాక్ ఘర్' నీకు చిన్నప్పుడు నేనే చదివి వినిపించాను. జబ్బుపడ్డ అమల్ కిటికీ దగ్గర కూర్చుని, పెరుగు అమ్మే అరుపు తనకూ నేర్పమని అడుగుతుంటే నవ్వేదానివి. ఆ నాటకాన్నే 1942 జులైలో, నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టోలో, అనాథాశ్రమం నడుపుతున్న యానుష్ కోర్చాక్ తన పిల్లలచేత వేయించాడు. మరి మూడు వారాలకే ఆయననూ పిల్లలనూ ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలించారు. అప్పుడు నీకు ఈ సంగతి చెప్పలేదు. ఇప్పుడు పుస్తకం రాసేదానివి కనుక చెబుతున్నాను.

ఈ మధ్య మోకాళ్ళ మూలంగా నేనూ కిటికీ మనిషినైపోయాను. పెరుగమ్మి నన్ను పలకరించకుండా వెళ్ళదు.

నర్సాపురం ఇల్లు సంక్రాంతి వెళ్ళగానే పడగొడతారట, టేకు కోసం బేరగాళ్ళు ఇప్పటికే వచ్చి చూసి వెళ్ళారు. ఆలోగా రా, ఇద్దరం కారులో వెళదాం. మధ్యాహ్నం మూడు గంటలకల్లా అక్కడ ఉండాలి, ఆ తరవాత వెలుగు తగ్గుతుంది. ఎడమ రెక్క ఉబ్బి బిగుసుకుంది, బలవంతంగా లాగవద్దు. మూడో ఊచకూ నాలుగో ఊచకూ లోపలి వైపు రంగు పూర్తిగా అరిగిపోయి ఇనుము నున్నగా మెరుస్తూ ఉంటుంది, దాన్ని దగ్గరగా ఫోటో తీసుకో. నిచ్చెన అక్కరలేదు, అది కూర్చున్న మనిషి చేతికి అందే ఎత్తులోనే ఉంది.

ఆశీస్సులతో,
పెద్ద తాతయ్య