కొత్త పిల్లి పరుపు మీద ఉచ్చ పోస్తోంటే

మధురవాడలో దత్తత తెచ్చుకున్న మగపిల్లి దాని మలమూత్రాలకి పెట్టిన ట్రే వదిలేసి పరుపు మీద ఉచ్చ పోస్తోందన్నారు కదండీ. ముందు ఒకటి గమనించండి: మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్కలుగా పోస్తున్నా, అసలు రాకపోయినా అప్పటికప్పుడే డాక్టర్‌కి చూపించాలి. మగపిల్లికి మూత్రనాళం మూసుకుపోతే ప్రాణం మీదికొస్తుంది.

అది కాకపోతే చాలావరకు కొత్త చోటు టెన్షనే. కొన్నాళ్లు ఒకే గదిలో ఉంచండి. ట్రే ఒక మూల, తిండీ నీళ్లూ దూరంగా. ట్రేలో సెంటు లేని సన్నటి లిట్టర్ (ఉచ్చ పీల్చుకునే ఇసుకలాంటిది) వేసి, రోజూ శుభ్రం చేయండి. మన వైజాగ్ ఉక్కపోతలో తడి త్వరగా ఆరదు, కంపు కొట్టే ట్రేలోకి పిల్లి దిగదు. పరుపుకి ఉచ్చ కంపుని పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ వాడండి. ఫినాయిల్ మాత్రం వద్దు, పిల్లులకి విషం. అరవకండి, కొట్టకండి. పాపం, బెదిరితే మంచం కింద ఇంకో మూల వెతుక్కుంటుంది.