పొంతనదారు పనికి వెళ్తున్న మా చెల్లెలి కూతురికి

మలక్‌పేట,
ఆదివారం సాయంత్రం

బిడ్డా,

నీకు పొంతనదారు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషంతో పాటు కాస్త టెన్షన్ కూడా పడుతున్నట్టుంది. "అక్కా, అది కంప్యూటర్ ఉద్యోగమా, ఎండలో తిరిగే ఉద్యోగమా?" అని మూడుసార్లు అడిగింది. రెండూనే అంటే ఇంకా భయపడింది. ఇరవై రెండేళ్లు చేశాక కూడా ఆ ప్రశ్నకు నా దగ్గర ఇంతకంటే మంచి జవాబు లేదు. యంత్రం ఎలా బిగించాలో, ఫైళ్లు ఎలా కలపాలో నీకు ఆఫీసులో పది రోజులు ట్రైనింగ్ ఇస్తారు. వాటి జోలికి నేను పోను. వాళ్లు చెప్పనివి రాస్తాను.

ముందు ఆ పేరు సంగతి. మొదట్లో మమ్మల్ని ఏమని పిలవాలో ఎవరికీ తెలియలేదు. ఊరిని లేజర్‌తో కొలిచి కంప్యూటర్‌లో దానికో నకలు నిలబెట్టేది వేరేవాళ్లు. ఆ నకలుకూ ఈ ఊరికీ కుదురుతోందో లేదో గల్లీ గల్లీ తిరిగి చూసేవాళ్లం మేము. తేడా ఉన్నచోట మళ్లీ కొలిచేదీ మేమే. మాతో ఒక పురోహితుడి కొడుకు పనిచేసేవాడు. "మనం చేసేది జాతకాల పొంతనే కదా" అన్నాడు ఒకరోజు టీ తాగుతూ. ఆ మాట అంటుకుపోయింది. వీధిని 'ఇవతల' అంటాం, నకలును 'అవతల' అంటాం. "అవతల గోడ ఉంది, ఇవతల లేదు" అంటే మావాళ్లకు వెంటనే అర్థమవుతుంది. మీ అమ్మ వింటే మాత్రం నిన్ను దర్గాకు తీసుకుపోతుంది.

జాతకాల్లో 36 గుణాలకు 18 కుదిరితే పెళ్లి చేసేస్తారు. మనకు అంత చవగ్గా కుదరదు, అలాగని 36కు 36 ఎన్నడూ రావు. పైగా నవాబుల సమాధులు (పైగా టూంబ్స్) దగ్గర సున్నపు నగిషీ అయితే మిల్లీమీటర్లు చూడాలి. గల్లీలో డ్రైనేజీ మూత రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే ఎవరి కొంపా మునగదు. కొత్తగా వచ్చినవాళ్లు సాయంత్రం దాకా కూర్చునేది ఆ మూత దగ్గరే.

నిన్ను మొదట లాడ్ బజార్ పంపిస్తారు చూడు. కొత్తవాళ్లను అక్కడ వదిలి తమాషా చూడటం మా కాలం నుంచీ ఉంది. చార్మినార్ పక్కన ఆ గాజుల దుకాణాల్లో మూడు వైపులా అద్దాలే కదా. లేజర్ కిరణానికి అద్దమని తెలియదు. అద్దానికి తగిలి, అక్కడి నుంచి ఎదురు గోడకు పోయి, అదే దారిన తిరిగొస్తుంది. యంత్రం మాత్రం తాను పంపిన కిరణం తిన్నగా పోయిందనే నమ్ముతుంది. నమ్మి, అద్దం వెనక అంతే లోతున ఇంకో గది కట్టేస్తుంది. నేను మొదటిసారి తెచ్చిన స్కాన్‌లో ఎనిమిది అడుగుల దుకాణం పదహారు అడుగులైంది. లేని ఆ గదిలోనూ గాజుల వరసలు, ఒక ఫ్యాను, స్టూలు మీద అదే షాపతను. అదంతా వెనక గల్లీలోని ఇత్తడి సామాన్ల దుకాణంలోకి చొచ్చుకుపోయింది. ఆ దుకాణం పెద్దాయనకు లాప్‌టాప్‌లో చూపిస్తే, "అరే, నా జాగా కబ్జా చేసిండా వీడు!" అని పడీపడీ నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి సరిపోయింది. అదే నకలు ఎవరైనా సంతకం పెట్టి ఫైల్లో పెట్టుంటే నవ్వే సంగతి కాదు.

అందుకని ఒక పాత దుప్పటి, నాలుగు క్లిప్పులు ఎప్పుడూ సంచిలో పెట్టుకో. అద్దం మీద కప్పి కొలువు. పొద్దున పదింటికల్లా వెళ్లు, షట్టర్లు ఎత్తుతూ ఉంటారు, బేరాలు ఇంకా మొదలుకావు. బేరం నడుస్తున్నప్పుడు ఆ అద్దం మీద దుప్పటి కప్పుతానంటే ఎవరూ ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. పారదర్శకంగా ఉండే గాజు తలుపుల్లోంచి కిరణం దూసుకుపోతుంది, అప్పుడు అవతల తలుపే ఉండదు. నీళ్లదీ అంతే, లేజర్‌ను మింగేస్తాయి. గట్టు మీంచి కొలిస్తే అవతల హుస్సేన్ సాగర్ నల్లటి గుంతలా కనిపిస్తుంది, భయపడకు.

ఫోన్‌లో వచ్చే చుక్కను నమ్మి గల్లీలో తిరగొద్దు. ఆరుబయట, ఆకాశం బాగా కనిపించేచోటే అది దాదాపు 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. పాతబస్తీలో కొన్ని సందులకు అంత వెడల్పే లేదు. పైగా సిగ్నల్ రెండు వైపులా గోడలకు కొట్టుకుని వస్తుంది. నువ్వు నిలబడింది ఒక సందు, చుక్క కూర్చునేది పక్క సందు. ఇప్పుడు తపాలా శాఖవాళ్లు మన ఐఐటీ హైదరాబాద్‌వాళ్లతో, ఇస్రోవాళ్లతో కలిసి చేసిన డిజిపిన్ వచ్చింది, 2025లో. దేశమంతా సుమారు 4 మీటర్లకు 4 మీటర్ల గళ్లు గీసి, ఒక్కో గడికి పది అక్షరాల గుర్తు ఇచ్చారు. మంచి పనే. కానీ మన ఊళ్లో కింద కిరాణా కొట్టు, దాని మీద ట్యూషన్, ఆ మీద ఒక సంసారం, పైన పెంట్‌హౌస్‌లో ఇద్దరు బ్యాచిలర్లు ఉంటారు. నలుగురికీ ఒకటే గుర్తు, ఎందుకంటే గడికి అంతస్తులు లేవు. అవి నువ్వు రాసుకోవాలి, మెట్లెక్కి. లిఫ్టులో వెళ్తే మెట్ల దగ్గరి గ్రిల్ తలుపు తాళం కనబడదు.

మనుషుల దగ్గర ఎలా ఉండాలో కూడా చెప్పాలి. మూడు కాళ్ల స్టాండు, దాని మీద గిరగిరా తిరిగే డబ్బా చూడగానే జనానికి ఒకటే అనుమానం, రోడ్డు వెడల్పు చేస్తారని. వాళ్లను తప్పుపట్టకు, ఈ ఊళ్లో ఆ అనుమానానికి కారణాలున్నాయి. దిగగానే యంత్రం తీయొద్దు. ముందు పాన్ డబ్బా దగ్గరో, ఇరానీ హోటల్లోనో కూర్చో. ఎవరు, ఎందుకు వచ్చావు, కొలిచింది ఎక్కడికి పోతుంది, ఇవి నీ అంతట నువ్వే చెప్పు. తర్వాత అడుగు, "భాయ్, పహలే ఇధర్ క్యా థా?" అని, ఇంతకు ముందు ఇక్కడేముండేదని. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులు నీ హార్డ్ డిస్క్‌లో పట్టవు. మనకంటే పెద్దవాళ్లయితే చాచా, ఖాలా అను, తెలుగువాళ్లయితే పెద్దనాన్నా, అమ్మా అను, సర్ అనకు. సర్ అంటే దూరం జరుగుతారు. గుర్తు కోసం పెట్టే తెల్ల బంతుల మీద మాత్రం ఒక కన్నేసి ఉంచు. అవి చూస్తే పిల్లలకు చేతులు ఆగవు. యాకుత్‌పురాలో ఒకసారి మూడు బంతులు పెడితే స్కాన్ అయ్యేసరికి రెండే ఉన్నాయి. మూడోది గోడ అవతల మ్యాచ్‌లో ఉంది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. ఇది మీ అమ్మకు కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

మూసీకి దక్షిణాన ఒక బస్తీ. రెండిళ్ల మధ్య ఒక మనిషి పట్టేంత సందు, దాని మొదట్లో ఒక పర్దా కట్టి ఉంది. లోపల ఆడవాళ్లు ఉంటారేమో, అడగడమెందుకు అనుకున్నాను. ఆడదాన్ని, నేను అడిగితే లోపలికి రమ్మనేవాళ్లే. మధ్యాహ్నమైంది, ఆకలేస్తోంది, ఇంకా నాలుగు గల్లీలు మిగిలాయి. యంత్రానికి పర్దా దాకానే కనిపించింది, దాని వెనక ఖాళీ. ఆఫీసుకొచ్చి కూర్చుంటే సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ ఉంటుంది, ఖాళీలు వాటంతట అవే పూడ్చేది. నొక్కాను. అటు గోడకూ ఇటు గోడకూ మధ్య తెల్లగా, నున్నగా ఒక గోడ వచ్చేసింది. చూడటానికి ఎంత బాగుందో! మా మేనేజర్ మెచ్చుకున్నాడు కూడా, ఒక్క చిల్లు లేకుండా తెచ్చావని.

2020 అక్టోబర్ 13న వానలు పడ్డాయి కదా, ఊరు సగం మునిగింది. అంతకు ముందే ఆ నకలు మీద నీళ్లు ఎటు పోతాయో లెక్క వేసి ఉంచారు. ఆ లెక్కలో నా గోడ దగ్గర నీళ్లు ఆగిపోయాయి. అది చూసుకుని బస్తీ కుర్రాళ్లు ఇసుక బస్తాలన్నీ ఇంకో వైపు పేర్చారు. నీళ్లకు నా గోడ సంగతి తెలియదు. పర్దాను పక్కకు తోసి, ఆ సందులోంచి తిన్నగా ఒక ముసలామె ఇంట్లోకి పోయాయి. ప్రాణాలకేమీ కాలేదు, బియ్యం బస్తాలు, కుట్టుమిషను, పెళ్లికని దాచిన బట్టలు పోయాయి. నాలుగు రోజుల తర్వాత నేనే వెళ్లాను. ఎవరూ పంపలేదు. ఆ గోడ కట్టింది నేనేనని చెప్పాను. ఆమెకు మొదట అర్థం కాలేదు, అక్కడ గోడ ఎప్పుడూ లేదు కదా అంది. మొత్తం వివరించాక, బురద బట్టలు పిండుతూ, "పర్దా హటాకే దేఖ్ లేతే, బేటీ" అంది, పర్దా పక్కకు తీసి చూడాల్సింది బిడ్డా అని. తిట్టుంటే బాగుండేది.

ఆ రోజు నుంచి ఆ బటన్ ముట్టుకోలేదు. చూడని చోటును ఖాళీగానే వదిలెయ్, దాని పక్కన 'చూడలేదు' అని రాయి. ఎందుకు చూడలేదో కూడా రాయి, పర్దా ఉంది, తాళం వేసి ఉంది, కుక్క ఉంది, ఓపిక లేదు, ఏదైతే అది. ఆఫీసులో గొణుగుతారు. చిల్లులున్న నకలు చూపిస్తే క్లయింటుకు నచ్చదంటారు. గొణగనీ. నాకు మూడుసార్లు ఇంక్రిమెంట్ ఆగింది దీనివల్లే, అది కూడా తెలుసుకుని వెళ్లు.

వీలైతే 1908 సెప్టెంబర్ 28 వరద గురించి చదువు. ఆ తర్వాతే లియోనార్డ్ మన్ అనే ఆయన 1912 నుంచి 1915 దాకా హైదరాబాద్‌ను షీట్లు షీట్లుగా కొలిపించి పటాలు గీయించాడు. నడిచి, గొలుసులతో కొలిచిన కాలం. ఏదైనా సందు దగ్గర అనుమానం వస్తే ఆ పటాలతో పోల్చి చూడు. మనం చెత్త వేసే సందు వందేళ్ల కింద నీళ్లు పోయే దారి అయి ఉండొచ్చు. ఆ వరదలోనే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని చెప్పుకుంటారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. కానీ మన సాఫ్ట్‌వేర్‌లో చెట్లను చెత్తతో పాటు వడగట్టి తీసేసే ఇంకో బటన్ ఉంటుంది, బిల్డింగులు శుభ్రంగా కనబడాలని. ఆసుపత్రి స్కాన్ తెరిస్తే ఆ బటన్ ఎవరైనా నొక్కారేమో ముందు చూడు. నేను రెండుసార్లు ఆ చెట్టును తిరిగి నాటాను, అవతల.

ఇంకో చిత్రం చెప్తాను. తార్నాకలో ఒక ఇల్లు, ముందు గేటు, వెనక గేటు ఉన్నాయి. అవతల ఎవరో ఆ ఇంటి చోటు చూపించే పిన్ను వెనక గేటు దగ్గర పెట్టారు, తప్పుగా. డెలివరీ కుర్రాళ్లంతా వెనక్కే రావడం మొదలుపెట్టారు. విసిగిపోయి ఆ ఇంటివాళ్లు కాలింగ్ బెల్లు, నేమ్ ప్లేటు, చివరికి పాలప్యాకెట్ల సంచి కూడా వెనక గేటుకే మార్చేశారు. ముందు గేటు ముందర పూలకుండీలు పెట్టుకున్నారు. నేను పొంతన చూడటానికి వెళ్లేసరికి తప్పు కాస్తా ఒప్పయి కూర్చుంది. ఏది సరిచేయాలి? నేను ఏదీ సరిచేయలేదు, ఎప్పటి నుంచి ఇలా ఉందో తేదీ వేసి రాశానంతే. మా సీనియర్ ఒకాయన పిన్ను ముందుకు మార్చాల్సిందేనని వాదించాడు. ఆయన చెప్పినట్టు చేసుంటే పాపం వాళ్లు మళ్లీ బెల్లు మోసుకుని ముందుకు రావాలి.

పాత స్కాన్లు ఎన్నడూ చెరపొద్దు, చోటు సరిపోవట్లేదని ఐటీ వాళ్లు ఎంత మొత్తుకున్నా సరే. పారిస్‌లో నోట్రడామ్ చర్చి 2019 ఏప్రిల్‌లో తగలబడింది కదా. ఆండ్రూ టాలన్ అనే ప్రొఫెసర్ 2010లో దాన్ని లేజర్‌తో కొలిచి పెట్టాడు, ఆ కట్టడాన్ని ఎలా కట్టారో తెలుసుకోవాలన్న తన ఆసక్తి కొద్దీ. మళ్లీ కట్టేటప్పుడు ఆ కొలతలు పనికొచ్చాయి. ఆయన మాత్రం మంటలకు ఐదు నెలల ముందే చనిపోయాడు.

నకలు లోపల తిరిగి చూడటానికి కళ్లకు పెట్టుకునే హెడ్‌సెట్ గురించి రెండు ముక్కలు. గంటకు మించి పెట్టుకోకు. తీసిన వెంటనే మెట్లు దిగకు, ఐదు నిమిషాలు కూర్చుని ఏదైనా చేత్తో ముట్టుకో, టేబులో, వాటర్ బాటిలో. నేను ఒకసారి అవతల లేని మెట్టు ఇవతల ఉందని మరిచి మోకాలు పగలగొట్టుకున్నాను, ఇప్పటికీ వానాకాలం గుర్తుచేస్తుంది. మే నెలలో మధ్యాహ్నం పని ఒప్పుకోకు, నీకంటే ముందు యంత్రం సొమ్మసిల్లుతుంది. జీతం మాట్లాడుకునేటప్పుడు రెండోసారి వెళ్లిరావడానికి ఆటో ఖర్చు విడిగా రాయించుకో. రెండోసారి వెళ్లకుండా ఏ గల్లీ కుదరదు, ఆ డబ్బులు మాత్రం ఎవరూ ఇవ్వరు.

చేరేలోపు ఒకసారి ఇంటికి రా. నా పాత 30 మీటర్ల టేపు నీకోసం తీసి పెట్టాను. లేజర్ ఉండగా ఇదెందుకని నవ్వకు, బ్యాటరీ అయిపోయిన రోజు తెలుస్తుంది. దాని మొదటి పది సెంటీమీటర్ల దగ్గర అంకెలు అరిగిపోయాయి. కొలత పది దగ్గర నుంచి మొదలుపెట్టి, చివర్లో పది తీసెయ్. తీసేయడం మరిచిపోతావు, అందుకే డబ్బా మీద పెయింటుతో రాసి పెట్టాను.

మీ పెద్దమ్మ