రాయితీ ఇచ్చారు, ఇల్లు మాత్రం అందలేదు

ప్రశ్న: సార్, నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగస్తులం. ఎనిమిదేళ్లుగా సొంతింటి కోసం దాస్తున్నాం. మేం ఎంత దాచినా ధర మాకన్నా ముందే ఉంటోంది. ఇంటి లోన్ వడ్డీలో ప్రభుత్వం రాయితీ ఇస్తుందని విని సంబరపడ్డాం. తీరా చూస్తే మేం చూసొచ్చిన ఫ్లాట్ రేటు ఇంచుమించు అంతే పెరిగింది. ‘ఇదంతా మార్కెట్, ప్రభుత్వం ఏం చేస్తుంది’ అంటారు మా మామగారు. నిజమేనా?

జవాబు: కాదమ్మా. ముప్పై ఒక్క ఏళ్లు టౌన్ ప్లానింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినవాణ్ణి, ఆ మాట నేను ఒప్పుకోను.

ఓసారి కొత్త రోడ్డు కోసం ట్రేసింగ్ కాగితం మీద పెన్సిల్‌తో గీత గీశాను. ఇంకా సంతకాలు కాలేదు, ఇంకు కూడా పెట్టలేదు. ఆ వారంలోనే నా టేబుల్ దగ్గరికి పరామర్శకు వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. కుశల ప్రశ్నలు నాకు, చూపులు మాత్రం కాగితం మీద. రోడ్డు పడటానికి ఏడేళ్లు పట్టింది. ఈలోగా ఆ గీత పక్కనున్న పొలాలు మూడేసి చేతులు మారాయి. రోడ్డు ఖర్చు జనానిది, పెరిగిన విలువ భూమి ఉన్నవాడిది. ఆ విలువ పుట్టింది మా ఆఫీసు పెన్సిల్ లోంచి. దాన్ని మార్కెట్ అని ఎలా అనమంటారు?

ఇక మీ రాయితీ సంగతి. కుర్చీలాటలో పిల్లలందరికీ కొత్త బూట్లు కొనిచ్చారనుకోండి, అందరూ ఇంకాస్త జోరుగా పరిగెడతారు. కుర్చీలు మాత్రం అన్నే ఉంటాయి. ఇళ్లు పెరగని చోట కొనేవాళ్ల చేతిలో డబ్బు పెడితే అందులో చాలాభాగం అమ్మేవాళ్ల జేబులోకే పోతుంది. రాయితీ మీ పేరు మీద, లాభం బిల్డర్‌కి!

కుర్చీలు పెంచిన ప్రభుత్వాలు లేకపోలేదు. ఆస్ట్రియా రాజధాని వియన్నా నగరం 1923లో ఇళ్ల నిర్మాణం కోసం ప్రత్యేక పన్ను వేసింది. ఖరీదైన ఇంటికి ఎక్కువ, చిన్న ఇంటికి నామమాత్రం. ఆ డబ్బుతో, ఇతర పన్నులతో 1934 నాటికి 60,000కు పైగా ఇళ్లు కట్టి అద్దెకిచ్చింది. ఇప్పటికీ ఆ నగరంలో దాదాపు సగం మంది నగరపాలక సంస్థ ఇళ్లలోనో, ప్రభుత్వ సాయంతో కట్టిన ఇళ్లలోనో ఉంటారు. సింగపూర్ 1960లో గృహ నిర్మాణానికి బోర్డు పెట్టింది, 1966లో భూసేకరణ చట్టం తెచ్చింది. అక్కడి స్థిరనివాసుల్లో నూటికి ఎనభై మంది దాకా ఆ బోర్డు కట్టిన ఫ్లాట్లలోనే ఉంటున్నారు. అయితే అవి 99 ఏళ్ల లీజువి. అప్పట్లో భూములు పోగొట్టుకున్నవాళ్లకు దక్కిన పరిహారమూ తక్కువే. దాన్ని మరిచిపోయి పొగడటం నాకు చేతకాదు.

బ్రిటన్‌ది ఉల్టా కథ. 1980 చట్టంతో ప్రభుత్వ ఇళ్లను వాటిలో అద్దెకున్నవాళ్లకే తగ్గింపు ధరకు అమ్మేశారు. కొన్నవాళ్లు బాగుపడ్డారు, కాదనను. అమ్మినన్ని మళ్లీ కట్టలేదు, అదే దెబ్బ. అదీ ప్రభుత్వ నిర్ణయమే కదా, మీ మామగారిని అడగండి.

నా తప్పూ ఒకటి చెప్పుకోవాలి. ‘ఇక్కడ రెండంతస్తులకు మించరాదు’ అన్న ముద్ర నా చేత్తో ఎన్ని ప్లాన్ల మీద కొట్టానో లెక్కలేదు. అందం కాపాడుతున్నాననుకునేవాణ్ణి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ 2016లో నివాస స్థలాల్లో సుమారు ముప్పాతిక భాగానికి ఇలాంటి ఆంక్షలు సడలించింది. తర్వాత అక్కడ కొత్త ఇళ్ల నిర్మాణం బాగా ఊపందుకుంది. ఆ వార్త చదివిన రోజు నా రబ్బరు స్టాంపు గుర్తొచ్చింది.

ఈసారి రాయితీ ప్రకటిస్తే, దాంతో కొత్తగా ఎన్ని ఇళ్లు లేస్తాయో, ఎక్కడ లేస్తాయో చెప్పమని మీ ప్రజాప్రతినిధికి ఉత్తరం రాయండి.

ప్రశ్న: అద్దె పెంచకూడదని చట్టం చేస్తే సరిపోదా?

జవాబు: ఇప్పటికే ఇల్లు దొరికినవాళ్లకు సరిపోతుంది. ఉన్నపళంగా రెట్టింపు అద్దె అడగకుండా ఏడాదికి ఇంతే పెంచాలన్న హద్దు ఉండాలి, దానికి నా ఓటు. కానీ స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో నియంత్రిత అద్దె ఇల్లు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి క్యూలో ఉండాలి. కొత్తగా పెళ్లయిన జంట ఆ క్యూలో చిట్టచివర నిలబడుతుంది.