నాలుక మడత చూసి పోలిక తేల్చవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి అయిదో తరగతి చదువుతోంది. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఎలా వస్తాయో తెలుసుకోవడానికి, ఇంట్లో ఎవరెవరు నాలుకను గొట్టంలా మడవగలరో పట్టిక రాసుకుని రమ్మని బడిలో చెప్పారు. మా ఇద్దరికీ మడవడం రాదు, అమ్మాయికి వస్తుంది. అలా జరగదని తోటి పిల్లలు అనడం, దానికి తోడు వాళ్ల బాబాయి “నిన్ను తవుడు పోసి కొన్నాం” అని ఆటపట్టించడంతో బెంగ పెట్టుకుంది. ఎలా నచ్చజెప్పాలి?
– ఒక తల్లి, తార్నాక, హైదరాబాద్

జవాబు: ఆ పట్టికను బట్టి ఎవరు ఎవరి పిల్లలో తేల్చడం కుదరదని ముందుగా అమ్మాయికి స్పష్టంగా చెప్పండి. నాలుక మడవగలగడం ఒకే జన్యువు వల్ల వస్తుందని 1940లో స్టర్టెవాంట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్రతిపాదించిన మాట నిజమే కాని, అచ్చుగుద్దినట్టుండే కవలల్లో కూడా ఒకరికి మడవడం వచ్చి మరొకరికి రాకపోవచ్చని 1952 నాటికే బయటపడింది. తరవాత ఆయనే ఆ వాదాన్ని వదులుకున్నారు. పాఠాలు చెప్పేవారే ఇంకా దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. చెవితమ్మె అతుక్కుని ఉందా, విడిగా ఉందా అని చూసే పరీక్ష కూడా ఈ కోవలోదే. చెవితమ్మె ఆకారం వెనుకా, ఒంటి రంగు, ఎత్తుల వెనుకా ఎన్నో జన్యువులు ఉంటాయి కనుకనే ఒకే తల్లి బిడ్డల్లో ఒకరు పచ్చగా, ఒకరు చామనఛాయగా ఉంటారు.

అమ్మానాన్నల్లో కనిపించనిది బిడ్డలో ఎలా కనిపిస్తుందో చూపడానికి రక్తం గ్రూపు మంచి ఉదాహరణ. రెండు గిన్నెల్లో రెండేసి చింతగింజలు వేయండి. ఈ గింజలు రక్తం గ్రూపు జన్యువుకు గుర్తు: ప్రతి ఒక్కరిలో రెండేసి ఉంటాయి, బిడ్డకు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి అందుతాయి. అమ్మ గిన్నెలో ఒక గింజ మీద సుద్దముక్కతో ‘ఏ’ అనీ, నాన్న గిన్నెలో ఒకదాని మీద ‘బి’ అనీ రాసి, మిగిలిన రెంటినీ ఖాళీగా వదలండి. ఖాళీ గింజ అంటే ‘ఓ’ అన్నమాట. పక్కన గుర్తున్న గింజ ఉంటే ‘ఓ’ బయటపడదు కాబట్టి అమ్మది ‘ఏ’ గ్రూపు, నాన్నది ‘బి’ గ్రూపు. ఇప్పుడు అమ్మాయిని కళ్లు మూసుకుని ఒక్కో గిన్నెలోంచి ఒక్కో గింజ తీయమనండి. రెండూ ఖాళీవే వస్తే పుట్టిన బిడ్డది ‘ఓ’ గ్రూపు. ప్రతిసారీ గింజలను తిరిగి గిన్నెల్లో వేయించి, వచ్చినది కాగితం మీద రాయించండి. చాలాసార్లు తీస్తే సుమారు నాలుగో వంతు ‘ఓ’లు వస్తాయి, పదిసార్లే తీస్తే ఒక్కటీ రాకపోనూవచ్చు, నాలుగు రానూవచ్చు. పిల్లలు కాస్త పేచీ పెట్టేది ఇక్కడే. మొదటి బిడ్డ ‘ఓ’ అయినా రెండో బిడ్డకు ఆ అవకాశం మళ్లీ నాలుగో వంతే ఉంటుందని అప్పుడు చెప్పండి.

అమ్మాయికి ఆసక్తి కలిగితే, జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ బఠానీల సంగతి కూడా చెప్పవచ్చు. నేటి చెక్ దేశంలోని బ్రనో మఠంలో ఆయన గుండ్రటి గింజల మొక్కలను ముడతల గింజల మొక్కలతో సంకరం చేస్తే, మొదటి తరంలో అన్నీ గుండ్రటివే కాశాయి. వాటి సంతతిలో మాత్రం 5,474 గుండ్రటి గింజలతో పాటు 1,850 ముడతల గింజలు కనిపించాయి. నాయనమ్మ ఉంగరాల జుట్టు ఒక తరం దాటి మనవరాలికి వచ్చిందని విన్నప్పుడు అమ్మాయికి ఇక వింతగా అనిపించదు, జుట్టు విషయం బఠానీ అంత సులువైనది కాకపోయినా.

ఆడపిల్లకు మేనత్త పోలిక, మగపిల్లవాడికి మేనమామ పోలిక అని మన ఇళ్లలో అంటూ ఉంటారు. మేనత్తకూ నాన్నకూ తల్లిదండ్రులు ఒకరే కాబట్టి ఆమె పోలిక ఎవరికైనా రావచ్చు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియకపోవడం వంటివి మాత్రం తల్లి ద్వారా కొడుకులకు సంక్రమిస్తాయి కనుక, మేనమామకున్న ఆ లోపం మేనల్లుడిలోనూ కనిపించడం అరుదేమీ కాదు.

తవుడు మాట సరదాకే అన్నా, కొంతకాలం మానుకోమని మీ మరిదిగారికి చెప్పండి. తరగతిలో దత్తత పిల్లలు ఉండవచ్చు కనుక, ఇంటివాళ్ల పట్టికకు బదులు చింతగింజల ఆట పెట్టమని టీచరుగారిని అడగండి. మీకు దగ్గరలోనే, హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ జన్యువుల మీద పరిశోధన చేసే సంస్థ. సందర్శకులను అనుమతించే రోజులను ముందుగా కనుక్కుని అమ్మాయిని తీసుకువెళ్లండి.