బ్రేక్ పెడల్ సెన్సర్ మార్చే ముందు

అల్లుడూ, మావయ్య ఆశీస్సులు.

టిప్పర్‌కి స్కానర్ పెడితే బ్రేక్ పెడల్ కోడ్ వచ్చిందనీ, ఓనర్ కొత్త సెన్సర్ వేసెయ్యమంటున్నాడనీ రాశావు. ఇప్పుడే తెప్పించకు. ఆ సర్క్యూట్‌లో తేడా ఉందని మాత్రమే కోడ్ చెబుతుంది. అది సెన్సర్‌లోనా, వైరులోనా, కనెక్టర్‌లోనా అన్నది మీటర్ పట్టుకుని నువ్వే తేల్చాలి.

ముందు ఆ బండిలో ఏముందో చూడు. అందరూ సెన్సర్ అంటారు గానీ మన లారీల్లో చాలావాటికి ఉండేది స్విచ్చే. కొన్నింటికి పెడల్ దగ్గర, కొన్నింటికి ఎయిర్ లైన్ మీద ఉంటుంది. ఈబీఎస్ (ఎలక్ట్రానిక్ బ్రేక్ సిస్టమ్) బండ్లలో అయితే పెడల్ ఎంత నొక్కామో కొలిచే సెన్సర్ ఫుట్ బ్రేక్ వాల్వ్‌తోనే కలిసి ఉంటుంది. స్కానర్‌లో ఎస్‌పీఎన్ అంటే తేడా ఏ భాగానిదో చెప్పే నంబరు. 597 అంటే బ్రేక్ స్విచ్, 521 అంటే పెడల్ పొజిషన్. పక్కనున్న ఎఫ్‌ఎమ్‌ఐ, అంటే తేడా ఎలాంటిదో చెప్పే నంబరు కూడా రాసుకో. 3 అయితే వోల్టేజ్ ఎక్కువ, 4 అయితే తక్కువ, 5 అయితే వైరు ఎక్కడో తెగి ఉండొచ్చు, 2 అయితే సిగ్నల్ పొంతన లేకుండా వస్తోంది. ఇవి రాసుకోకుండా కోడ్ క్లియర్ చెయ్యొద్దు.

డ్రైవర్ పికప్ లేదంటున్నాడని కూడా రాశావు. దానికీ దీనికీ సంబంధం ఉండొచ్చు. బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ ఒకేసారి నొక్కినట్టు కనిపిస్తే చాలా బండ్లలో ఈసీయూ (బండిలోని కంట్రోల్ కంప్యూటర్) ఇంజిన్ పవర్ తగ్గిస్తుంది. స్విచ్ నొక్కిన స్థితిలోనే ఇరుక్కుపోయినా అంతే. అది చూడకుండా డీజిల్ ఫిల్టర్లు, యాక్సిలరేటర్ పెడల్ మార్చి ఓనర్ డబ్బులు తగలేసేవాళ్లను చాలామందిని చూశాను. నువ్వు ఆ దారి పట్టకు.

పని మొదలుపెట్టే ముందు చక్రాలకు అడ్డు పెట్టి, ఎయిర్ ఫుల్‌గా ఎక్కించు. గాలి లేకుండా ఎయిర్ లైన్ మీదుండే ప్రెషర్ స్విచ్‌ని చెక్ చేసి లాభం లేదు. పెడల్ కింద మట్టి, మ్యాట్ అడ్డం ఉన్నాయేమో, పెడల్ పూర్తిగా పైకి వస్తోందేమో చూడు. తర్వాత స్కానర్‌లో లైవ్ డేటా (అప్పటికప్పుడు మారే రీడింగులు) పెట్టి పెడల్ మెల్లగా నొక్కు. పొజిషన్ సెన్సర్ అయితే అంకె ఆగకుండా, ఎగరకుండా పెరగాలి. రెండు కాంటాక్టుల స్విచ్ అయితే నొక్కగానే రెండూ దాదాపు ఒకేసారి మారాలి. ఒకటి వెనకబడితే ముందు బ్రాకెట్ సెట్టింగ్ చూసుకో.

అసలు జబ్బు ఎక్కువగా దొరికేది కనెక్టర్ దగ్గరే. ఇగ్నిషన్ ఆపి ఊడదీసి చూడు. పిన్నుల మీద పచ్చ చిలుము, నీటి తడి, వదులైన పిన్నులు కనిపిస్తాయి. మళ్లీ ఇగ్నిషన్ వేసి సప్లై, ఎర్త్ కొలువు. సప్లై ఎంత ఉండాలో ఆ బండి వైరింగ్ డయాగ్రమ్‌లో చూసుకో. బండి 24 వోల్టులదే అయినా సెన్సర్లలో చాలావాటికి ఈసీయూ 5 వోల్టులే ఇస్తుంది. కనెక్టర్ మళ్లీ పెట్టి, హార్నెస్‌ని (వైర్ల కట్టని) ఊపుతూ సిగ్నల్ వైరు మీద రీడింగ్ చూడు. ఎక్కడ కదిపితే అంకె ఎగిరిందో అక్కడ వెతుకు. వైరుకు సూది మాత్రం గుచ్చకు. ఆ చిల్లులోంచి నీళ్లు దిగి రాగిని తినేస్తాయి.

డ్రైవర్లు వెనక అదనంగా కట్టించుకున్న ఎల్‌ఈడీ లైట్లను వదిలిపెట్టకు. బ్రేక్ లైట్ వైరుకు జాయింట్ కొడితే కరెంట్ వెనక్కి తన్ని స్విచ్ సిగ్నల్‌ని పాడు చేయగలదు. ఆ జాయింట్లు విప్పి మళ్లీ చెక్ చెయ్యి.

ప్రెషర్ స్విచ్ విప్పితే లోపల నూనె, నీళ్లు కనిపించాయా? కొత్తది వేసినా మళ్లీ పాడవుతుంది. ఎయిర్ డ్రయర్, కంప్రెసర్ చూడాలి, ట్యాంకులు డ్రెయిన్ చెయ్యాలి. ఈబీఎస్ ఫుట్ వాల్వ్ అయితే నువ్వు విప్పొద్దు. అది తయారీదారు చెప్పిన పద్ధతిలోనే మార్చి క్యాలిబ్రేట్ చెయ్యాలి.

స్విచ్‌ని షార్ట్ చేసి పంపెయ్యమని ఓనర్ ఎంత తొందర పెట్టినా ఒప్పుకోకు. బ్రేక్ లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే ముందు బండి ఎప్పుడు ఆగుతుందో వెనకవాడికి తెలియదు. పనయ్యాక బండి వెనక ఒకరిని నిలబెట్టి లైట్లు చూపించుకో. యార్డులోనే నెమ్మదిగా నడిపి, కోడ్ మళ్లీ రాలేదని చూశాకే గేటు దాటించు.

సప్లై, ఎర్త్, సిగ్నల్ రీడింగులు పెడల్ నొక్కినప్పుడూ వదిలినప్పుడూ విడివిడిగా రాసి పంపు. చూసి చెబుతాను.

మీ మావయ్య