స్కాలర్ పేజీలో 18 వేల సైటేషన్లు: వాటిని చదివేదెలా?

ప్రశ్న: మా అమ్మాయి బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. లివర్ జబ్బుల మీద పనిచేసే ఒక ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీలో చేరతానంటోంది. గూగుల్ స్కాలర్‌లో ఆయనకు 18 వేల సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 52 అని ఉంది. ఈ అంకెలు నమ్మి చేర్పించవచ్చా?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సైటేషన్ అంటే ఒకరి పేపరును మరొక పేపరు ప్రస్తావించడం. అంకెలు పెద్దవే. అవన్నీ ఆయనవేనా అన్నది ముందు తేల్చుకోండి. స్కాలర్ ప్రొఫైల్‌లోకి కొత్త పేపర్లు వాటంతటవే వచ్చి చేరే ఏర్పాటు ఉంది. సొంతదారు చూసుకోకపోతే అదే పేరున్న ఇంకొకరివీ కలిసిపోతాయి. మన పేర్లతో ఈ తంటా మరీ ఎక్కువ. ఇంటిపేరును ముందు పొడి అక్షరంగా పెట్టి అసలు పేరు చివర రాస్తాం. డేటాబేసులేమో చివరిదాన్నే ఇంటిపేరుగా తీసుకుంటాయి. దాంతో ‘రావు కె’ కింద పదిమంది ఒక్కరైపోతారు. పరిశోధకులకు విడివిడిగా ఇచ్చే 16 అంకెల ఆర్కిడ్ నంబరుంటే దానితో, లేదంటే వైద్య పేపర్ల ఉచిత సూచిక పబ్‌మెడ్‌లో పేరూ సంస్థా కలిపి వెతికి సరిచూడండి. లివర్ పేపర్ల మధ్య వరి విత్తనాల పేపరు కనబడిందంటే లెక్క కలగాపులగమైనట్టే.

తర్వాత ఎక్కువ సైటేషన్లున్న పది పేపర్లు తెరవండి. ఈ రంగంలో గైడ్‌లైన్లకూ స్కోర్లకూ సైటేషన్లు కుప్పలుగా వస్తాయి. లివర్‌లో మచ్చకట్టడాన్ని అంచనా వేసే, 2006లో వచ్చిన ఫిబ్-4 స్కోరునే చూడండి. హెచ్‌ఐవీ, హెపటైటిస్-సి రెండూ ఉన్నవాళ్ల కోసం కట్టింది అది. వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్లు తెలిస్తే చాలు కాబట్టి ఫ్యాటీ లివర్ వాళ్లూ దాన్నే పట్టుకున్నారు. వాడిన ప్రతివాళ్లూ సైట్ చేస్తారు. కట్టినవాళ్లకు ఆ ఘనత దక్కాల్సిందే. కానీ వందలమంది పేర్లుండే, ప్రపంచమంతటా జబ్బుల భారాన్ని లెక్కగట్టే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ లాంటి పేపర్లో ఎక్కడో మధ్యలో ఉన్నవారి ఖాతాలోనూ మొత్తం సైటేషన్లు పడతాయి. అలాంటివి తీసేసి మిగిలింది చూడండి.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఐదు పేపర్లకు 40, 22, 9, 4, 3 సైటేషన్లుంటే హెచ్-ఇండెక్స్ 4; ఎందుకంటే నాలుగు పేపర్లకు కనీసం నాలుగేసి సైటేషన్లున్నాయి, ఐదింటికి ఐదేసి లేవు. మొదటిది 40 బదులు 4,000 అయినా 4 దాటదు. అందుకే ఒక్క గైడ్‌లైన్‌తో సైటేషన్లు ఎగబాకినా ఇది కదలదు. అయితే వయసుతో పాటు పెరగడమే తప్ప తగ్గడం ఉండదు, పదేళ్ల కిందట పని ఆపేసినవారికైనా సరే.

మీ అమ్మాయికి అక్కరకొచ్చేది వేరే ఉంది. బయోమెడికల్ పేపర్లలో మొదటి పేరు సాధారణంగా పని చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ పెద్దది. పబ్‌మెడ్ అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ‘లాస్ట్ ఆథర్’ ఎంచుకుని ఆయన పేరు కొట్టి, చివరి ఐదేళ్లవి మాత్రం తీయండి. వాటిలో మొదటి పేర్లు ఎవరివి? ఆ ల్యాబ్ విద్యార్థులవైతే చేరడానికి అది మంచి గుర్తు. ఐదేళ్లలో అలాంటివి ఒకటో రెండో మించి లేకపోతే, హెచ్-ఇండెక్స్ 52 అయినా నేను తొందరపడొద్దనే అంటాను.

వెతికేటప్పుడు ఒక చిక్కు: 2023లో మద్యంతో రాని ఫ్యాటీ లివర్ జబ్బు పేరు ఎన్‌ఏఎఫ్‌ఎల్‌డీ నుంచి ఎమ్‌ఏఎస్‌ఎల్‌డీగా మారింది. ఒక్క పేరుతోనే వెతికితే సగం పని కనబడకుండా పోవచ్చు. పైగా ఫ్యాటీ లివర్ మీద రాసేవాళ్లు ఎక్కువ, లివర్‌లో రాగి పేరుకునే అరుదైన విల్సన్ జబ్బు మీద తక్కువ. సైటేషన్లూ అలాగే ఉంటాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వారి ఐసైట్ అనే వెబ్‌సైట్ ఉచితమే, అందులో పేపర్ల పబ్‌మెడ్ నంబర్లు వేస్తే ఆర్‌సీఆర్ అనే అంకె వస్తుంది. 1 అంటే అదే రంగంలో ఎన్‌ఐహెచ్ నిధులతో వచ్చిన మధ్యస్థ పేపరుకు సమానం.

ప్రశ్న: 12 వేలు కడితే పది రోజుల్లో పేపరు వేస్తామని ఒక జర్నల్ నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 6.8 అట. పంపొచ్చా?
– పీజీ విద్యార్థిని, పటమట, విజయవాడ

జవాబు: పంపకండి. పది రోజుల్లో సరైన పీర్ రివ్యూ, అంటే అదే రంగంలోని ఇతరులు పేపరును పరిశీలించడం, జరగడం కష్టం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే క్లారివేట్ సంస్థ వారి జర్నళ్ల నివేదిక జేసీఆర్‌లో ఉన్నదే; ‘గ్లోబల్’, ‘యూనివర్సల్’ అని ముందు తోక తగిలించినవి వేరు. గత రెండేళ్ల పేపర్లకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది అది, కాబట్టి అది నిరుడు పుట్టిన జర్నలైతే 6.8 ఎక్కడిది? అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం ఎన్‌ఎల్‌ఎమ్ కేటలాగ్‌లో జర్నల్ పేరు కొట్టి ‘కరెంట్లీ ఇండెక్స్‌డ్ ఫర్ మెడ్‌లైన్’ అని ఉందో లేదో చూడండి. మెడ్‌లైన్ అంటే పరిశీలించి ఎంచిన జర్నళ్ల సూచిక. ఒక్క పేపరు పబ్‌మెడ్‌లో కనబడినంత మాత్రాన జర్నల్ మెడ్‌లైన్‌లో ఉన్నట్టు కాదు.