నాలుగో కదలిక దగ్గర ఆగు

చిట్టితల్లీ,

కరాటేలో ఒక్కరే వరసగా చేసే కదలికల కూర్పుని కటా అంటాం కదా, ఆ కటాల్లో ఒకటైన హెయాన్ షోడాన్‌లోని 21 కదలికలకీ అర్థాలు రాసుకుని, వేసవి సెలవుల్లో పిల్లల చేత జంటలుగా చేయిస్తావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. గంటస్తంభం దగ్గర కూరలు కొంటున్నవాణ్ణి, సంచీ కింద పెట్టి మళ్లీ చెప్పించుకున్నాను. మన ఇంటి ఆడపిల్ల కటాకి బుంకాయ్, అంటే ఏ కదలిక ఎందుకో, చెబుతుందంటే గుండె నిండిపోయింది. ఇంటికొచ్చేసరికి భయం పట్టుకుంది.

స్టాన్సులు, అంటే నిలబడే తీరులు, నీకు తెలిసినవే. జెంకుత్సులో నూటికి 60 పాళ్ల బరువు ముందుకాలి మీద, కోకుత్సులో 70 పాళ్లు వెనక్కాలి మీద. ముందు మోకాలు లోపలికి వాలనివ్వకు.

దెబ్బని అడ్డుకునే బ్లాకుల దగ్గర మాత్రం తొందరపడకు. ఇవి కరాటే గురువు ఇటోసు గారు జపాన్‌లోని ఒకినావా బడిపిల్లల కోసం కూర్చిన కటాలు. 'కింది బ్లాక్' అని పేరుంది కదా అని తన్ను ఆపడమే అనుకుని ఊరుకుంటే ఎలా? ఆ కింది బ్లాక్, గెదాన్ బరాయ్‌లో పిడికిలి చెవి దగ్గర్నుంచి కిందికి దిగుతుంటే, రెండో చెయ్యి నడుము దగ్గరికి ఎందుకొస్తోంది? ఆ చేతిలో అవతలివాడి మణికట్టు పెట్టి చూడు, తెలుస్తుంది. మీ ముత్తాత కర్రసాము చేస్తుంటే ఏ చెయ్యీ ఊరికే తిరిగేది కాదు.

ఇక నాలుగో కదలిక. కుడికాలు వెనక్కి లాగి, పిడికిలి గుండ్రంగా పైకెత్తి సుత్తిలా దించడం. నాకప్పుడు 24 ఏళ్లు, బ్లాక్ బెల్టు కొత్త. ఒక బడి వార్షికోత్సవంలో స్టేజీ మీద అదే చూపించాను. మణికట్టు పట్టుకుంటే విడిపించుకుని మెడ కింద భుజం వైపు ఉండే ఎముక (కాలర్ బోన్) మీద కొట్టడం. జోడీగా పదహారేళ్ల గుంటడు. రిహార్సల్లో మెత్తగా పట్టుకున్నాడు, నా పిడికిలి నాలుగు వేళ్ల ఎడంలో ఆగింది. స్టేజీ ఎక్కాక "గట్టిగా పట్టుకోరా" అన్నాను. చప్పట్లు. వాడు వదల్లేదు. నేను వెనక్కి లాగితే నాతోపాటే అరడుగు ముందుకొచ్చాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఏడవలేదమ్మా, ఎడమచెయ్యి కుడిచేత్తో పట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. వాళ్ల నాన్న జూట్‌మిల్లు నుంచి ఆ బట్టలతోనే వచ్చి "చెయ్యి మళ్లీ లేస్తాదా మాస్టారూ?" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఎముక అతుక్కుంది, కానీ గుంటడు మళ్లీ క్లాసుకి రాలేదు.

నెలలపాటు ఆ కటా విడదీశాను, కానీ నా చేతినే చూసుకున్నాను. పట్టుకున్నవాడి కాళ్లు ఎక్కడికొస్తాయో ఒక్కసారీ చూడలేదు. నీ నోటుపుస్తకంలో ప్రతి కదలికకీ పక్కన అవతలివాడి కాళ్లు గీయి. లాగితే ఎటొస్తాడు, తోస్తే ఎటు పడతాడు. అది గీయలేని కదలిక పిల్లల చేత చేయించకు. నాలుగోది చేయిస్తే దెబ్బ ముంజేతి మీదికే, అదీ నెమ్మదిగా. చూసేవాళ్లు చప్పట్లు కొడుతున్నారని వేగం పెంచావో, నేనొచ్చి ఆపేస్తాను, చూసుకో.

కోప్పడ్డానని అనుకోకు. చిన్నప్పుడు పెద్దచెరువు గట్టు మీద నా వేలు పట్టుకుని నడుస్తూ పంచ్‌లు విసిరేదానివి. నీ మీద నమ్మకం లేక కాదు.

ఆదివారం బేగి రా, భోజనం ఇక్కడే. పుస్తకం తెచ్చుకో. పిల్లల కంటే ముందు నీ మణికట్టు నేను పట్టుకుంటాను, గట్టిగా. లాగి చూడు, నా కాళ్లు ఎక్కడికొస్తాయో సుద్దముక్కతో గీసుకుందాం.

మీ పెదనాన్న